వదిన కావలసిన మనిషి

హేమచంద్ర చెయ్యెత్తింది తర్వాత. ముందు మెట్ల పైన బూట్లు విప్పి, నవ్వుతూ, ఇంటికొచ్చిన చుట్టంలా లోపలికి వచ్చాడు.

హారిస్ పార్క్‌లో సాజిద్ మసాలా దుకాణం మీద ఉన్న ఆ రెండు గదుల ఆఫీసులో ఆ మధ్యాహ్నం ఇద్దరే ఉన్నారు. కంప్యూటర్ ముందు తబస్సుం, లోపలి గదిలో ఆఫీసు యజమాని సిల్బర్.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడుకుంటాయన్న భయం వచ్చీ పోయి, ఇప్పుడు పిల్లికీ కుక్కకీ కూడా డాట్‌కామ్ ఉన్న రోజులు. సిల్బర్ పెట్టింది దానాల వెబ్‌సైటు. ఆయన యూదుడు. నెత్తిన చిన్న గుండ్రటి టోపీ లేకుండా తబస్సుం ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన రోజే ఆయన ఒక సంగతి చెప్పాడు. వెనకటికి జెరూసలేంలో తమ గుడిలో ఒక గది ఉండేదట. ఉన్నవాడు అందులోకి వెళ్ళి గుట్టుగా పెట్టి వచ్చేవాడు. లేనివాడు వెళ్ళి గుట్టుగా తీసుకునేవాడు. ఎవరు ఇచ్చారో తీసుకున్నవాడికి తెలియదు, ఎవరు తీసుకున్నారో ఇచ్చినవాడికీ తెలియదు.

“అలాంటి గది నాకు కంప్యూటర్‌లో కట్టిపెట్టు,” అన్నాడాయన ఇంగ్లీషులో. వాళ్ళు దానాన్ని త్సెదకా అంటారట. ప్రొద్దుటూరులో తబస్సుం నానమ్మ సదఖా అనేది. ఆ మాట వినగానే తబస్సుంకి సగం పని అర్థమైపోయింది. కట్టింది. ఇచ్చేవాళ్ళ పేరు అందులోకి ఎక్కదు. అడిగినవాళ్ళ పేరు అవసరం తీరగానే చెరిగిపోతుంది.

“నువ్వు మన తెలుగమ్మాయివే కదా,” అన్నాడు హేమచంద్ర కుర్చీ లాక్కుంటూ. “కింద షాప్‌లో మాట్లాడుతుంటే విన్నాను. మాది ఏలూరు. ఇక్కడ కెల్లీవిల్‌లో ఉంటాం.”

“కూర్చోన్నా. చాయ్ పెట్టేదా?”

“వద్దమ్మా. మా మిసెస్ కనపడట్లేదు. కిరణ్మయి. ఇంట్లో సిస్టమ్‌లో హిస్టరీ చూస్తే లాస్ట్‌గా మీ సైటే ఉంది. బస్ టికెట్ ఏదో అడిగినట్టుంది. ఏ ఊరికో చెప్పు చాలు, వెళ్ళి తెచ్చుకుంటాను. మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి.”

కిరణ్మయిని తబస్సుం మొదట చూసింది కింద దుకాణంలోనే. కరివేపాకు ఏరుతూ, చున్నీతో దవడ కప్పుకుని నిలబడింది. కప్పిన చోటు నల్లగా కమిలి ఉంది. వెబ్‌సైటు సంగతి ఆమెకు చెప్పింది తబస్సుమే. టికెట్ ఎవరు కొనిచ్చారో ఇద్దరికీ తెలియదు. కానీ బస్సు దిగాక కిరణ్మయి ఉండబట్టలేక ఫోన్ చేసింది. బ్రిస్బేన్ చేరానని, అక్కడ సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక డాక్టరమ్మ ఇంట్లో ఉన్నానని చెప్పింది. వెబ్‌సైటులో లేనిది ఆ విధంగా తబస్సుం తలలోకి ఎక్కి కూర్చుంది.

“పేర్లు నిలవవన్నా. సైట్ డిజైనే అట్ల. నేను చూడాలన్నా ఏమీ ఉండదు.”

“బ్యాకప్ ఉండదా? నాదీ ఇదే ఫీల్డమ్మా, నా చెవిలో పూలు పెట్టకు.”

“బ్యాకప్‌లో కూడా ఉండవు. నిజంగానే అన్నా, అక్క సంగతి నాకేం తెలీదు.”

హేమచంద్ర మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

“ఏమన్నావు?”

“తెలీదన్నా.”

“అది కాదు. నన్ను అన్నా అంటున్నావు. నా పెళ్ళాం నీకు వదిన కావాలి. అక్క ఎప్పుడయింది?”

తబస్సుం నాలిక కరుచుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

మొదటి దెబ్బకి ఆమె కుర్చీతో సహా వెనక్కి పడింది. చెవిలో కందిరీగలు లేచినట్టయింది. లేవబోతుంటే జడ చేతికి చుట్టుకుని లాగి, తల మానిటర్‌కేసి కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

“దానికి నేర్పింది నువ్వేనన్నమాట. ఎక్కడుందే?”

“తెలీదు.”

అతను బల్ల సొరుగు లాగి, ఆమె కుడి చేతి వేళ్ళు అందులో పెట్టి, మోకాలితో మూశాడు. తబస్సుం అరిచిన అరుపు ఆమెకే ఎవరిదోలా వినిపించింది.

లోపలి గదిలోంచి సిల్బర్ పరుగెత్తుకొచ్చాడు. ఒంట్లో పట్టుమని పిడికెడు కండ లేని మనిషి. అయినా వచ్చి హేమచంద్ర చొక్కా పట్టుకున్నాడు. హేమచంద్ర వెనక్కి తిరక్కుండానే మోచేత్తో పొడిచాడు. కళ్ళజోడు పగిలి, ముక్కు పగిలి, టోపీ నేల మీద పడింది. ఆ టోపీ తొక్కుకుంటూనే ముసలాయన్ని మెడ పట్టి మెట్ల దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు.

“చెప్తావా, వీణ్ణి కిందికి తొయ్యమంటావా?”

సిల్బర్‌కి తెలుగు రాదు. తనని ఎందుకు పట్టుకున్నాడో మాత్రం అర్థమైనట్టుంది.

“ఆమెను వదిలెయ్,” అన్నాడు ఇంగ్లీషులో, రక్తం మింగుతూ. “ఇక్కడ చెప్పడానికి ఏమీ లేదు. ఎవరికీ ఏమీ తెలియదు.”

ఆయన అది నమ్మి చెబుతున్నాడు. తబస్సుంకి సొరుగులో నలిగిన వేళ్ళకన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. సన్నీబ్యాంక్ అన్న పేరు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, “మెల్‌బోర్న్,” అంది.

“మెల్‌బోర్న్‌లో ఏ సబర్బ్?”

ఆమె మెల్‌బోర్న్ చూడలేదు. అక్కడి పేటల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. వెతుక్కునే కళ్ళని హేమచంద్ర చూశాడు.

“నాతోనా నాటకాలు,” అని మెట్ల మీదికి వంచి పట్టుకున్న ముసలాయన్ని వదిలేశాడు.

బియ్యం బస్తా దొర్లినట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

హేమచంద్ర తన మీదికి వస్తుంటే తబస్సుం ఎడమ చేత్తో కీబోర్డు పెరికి అతని మొహం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మీటలు ఊడి గదంతా చెదిరాయి. అతను కీబోర్డు లాక్కుని ఆమె గొంతు పట్టుకున్నాడు. కళ్ళు చీకట్లు కమ్ముతుండగా కింద దుకాణంలోంచి సాజిద్, షట్టర్ దించే ఇనుప కడ్డీతో పైకి వచ్చాడు. ఒక్కటే దెబ్బ, మోకాలి మీద. ఎముక విరిగిన శబ్దం ముందు వినిపించి, అరుపు ఆ తర్వాత వినిపించింది.

పోలీసులు వచ్చేదాకా సాజిద్ అతని వీపు మీద కూర్చున్నాడు. హేమచంద్ర నేలకి చెంప ఆనించి ఏడుస్తూనే ఉన్నాడు. “నా పెళ్ళాన్ని నాకివ్వండిరా. నేనేం అడిగాను, నా పెళ్ళాన్నేగా.”

సిల్బర్‌కి తుంటి విరిగింది. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే తబస్సుం చెయ్యి పట్టుకుని, “ఇవ్వడానికి మన దగ్గర ఏమీ లేదంటే నమ్మలేదమ్మా పాపం,” అన్నాడు ఇంగ్లీషులో. తబస్సుం ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

హేమచంద్రకి బెయిల్ వచ్చిన మర్నాడు ఆఫీసులో ఫోన్ మోగింది. కట్టు కట్టిన చేత్తో తియ్యలేక ఎడమ చేత్తో తీసింది.

“తబస్సుం, నేనే. పేపర్లో చూశానమ్మా. నా మూలంగా నీకింత…” కిరణ్మయి మధ్యలో ఆపి ముక్కు చీదుకుంది. “వాడు బయటికొచ్చాడంటగా. నేనిక్కణ్ణించి మారిపోతున్నాను. కొత్త అడ్రస్ రాసుకో.”

“చెప్పొద్దక్కా.”

“నీకు కూడానా?”

“నాకే చెప్పొద్దు.”

“అదేంటే. నాకేమన్నా అయితే తెలియాల్సింది నీ ఒక్కదానికే కదా. ఇంకెవరున్నారు నాకు?”

“డాక్టరమ్మ ఉంది కదా. పోలీసోళ్ళు ఉండారు. మళ్ళా ఎవడన్నా వచ్చి సిల్బర్ సార్ని మెట్ల మీద నిలబెడితే, నేను నోరు మూసుకోని ఉంటానని నాకు నమ్మకం లేదక్కా.”

అవతల ఏడుపు. “పోనీ, ఊరి పేరన్నా తెలిసుంటే…”

తబస్సుం ఫోన్ పెట్టేసింది. అది మళ్ళీ మోగింది. చాలాసేపు మోగింది. ఆమె రెండు చెవులూ మూసుకోవాలనుకుంది. కుడి చెయ్యి లేవలేదు. ఆగేదాకా అలాగే కూర్చుంది.