హుసేన్‌బీ సంచుల పాక

హుసేన్‌బీ పాత చీర అంచును పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది. పర్రుమని పచ్చటి పీలిక ఊడి వచ్చింది. దాన్ని మళ్ళీ మధ్యకు చింపి, ఒక ముక్కను ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కృష్ణవేణమ్మ మణికట్టుకు, రెండో ముక్కను ఆమె సంచికి కట్టింది. అంతకుముందే సంచి తెరిపించి చూసింది. ఒక చీర, పులిహోర పొట్లం, మోకాళ్ళకు రాసుకునే నూనె.

"చినిగిన అంచులు రెండూ కలిస్తేనే సంచి ఇస్తా తల్లీ. కాయితం చీటీ ఇస్తే కోతులు పీక్కపోతాయి, లేకుంటే భవనాశి వాగు నీళ్ళల్లో నానిపోతాది. నిదానంగా పోయిరా."

ఎగువ అహోబిలం బస్సులు ఆగే చోట, ఓబుళేశు ఉగ్గాని హోటలు పక్కన, నాలుగు గుంజల మీద రేకులు వేసిన పాక అది. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి ఎక్కేవాళ్ళు బరువులన్నీ ఆమెకు అప్పజెప్పి పోతారు. భర్త లారీ కింద పడి చనిపోయిన ఏడాది, ఎవరో యాత్రికురాలు 'కాస్త చూస్తుండమ్మా' అని సంచి చేతిలో పెట్టింది. అప్పటినుంచీ చూస్తూనే ఉంది. బక్కపలచని మనిషి. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. ముందు పళ్ళు మాత్రం గుడ్డ చింపడానికే మిగిలాయన్నట్టు గట్టిగా ఉన్నాయి.

ఎప్పుడో ఒక నగరంలో సంచిలో పెట్టిన బాంబు పేలిందని విన్నరోజే ఆమె ఒక నియమం పెట్టుకుంది. యజమాని ఎదురుగా తెరవని సంచికి పీలిక కట్టదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు. తనను నమ్మి వచ్చినవాళ్ళకు తన పాకలో చెడు జరగకూడదు, అంతే.

ఈమధ్య ఇంకోచోట పేలుడు జరిగింది. పుణ్యక్షేత్రాల భద్రత గట్టి చేస్తామని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మంచి మాటే. ఆ మాట ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి నంద్యాలకు దిగి, కొండకు చేరేసరికి 'హుసేన్‌బీ పాక తీసెయ్యండి' అయి కూర్చుంది. యజమాని దగ్గర లేని సంచులను ముట్టుకోకుండా పోలీసులకు చెప్పమని ఒక బోర్డు పాతారు. ఈ సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలని గుంజకు నోటీసు అంటించారు. ఆ గుంజకు ఆనుకునే ఆమె పొద్దున్నుంచీ పీలికలు చింపుతోంది. పాక పోతే కోయిలకుంట్లలో కూతురు షాహనా ఇంటికి పోవాలి. కూతురు బంగారమే. కానీ అక్కడ హుసేన్‌బీకి చెయ్యడానికి పనేముంది?

పాక తీసెయ్యమనే మాట మొదలైన కొత్తలో, పోయిన నెల, ఎంపీ దర్శనానికి వచ్చాడు. వెంట వచ్చినాయన సంచి తెచ్చి పాకలో పెట్టబోయాడు.

"తెరువప్పా," అంది హుసేన్‌బీ.

"ఎవరనుకుంటాండావు అవ్వా? మన ఎంపీ సంచి."

"ఎంపీ అయితే మంచిదే నాయనా. తెరువు."

ఎంపీ నవ్వి, తనే వచ్చి తెరిచాడు. ఇస్త్రీ చొక్కా, షుగరు మాత్రలు, జుట్టుకు వేసుకునే రంగు పొట్లం. హుసేన్‌బీ పొట్లం చూసింది, నల్లగా నిగనిగలాడే ఆయన తల చూసింది, పీలిక కట్టింది. దిగి వచ్చాక మాత్రం అడిగింది. "అయ్యా, నన్ను పొమ్మంటాండారు. తెరిచి సూసేదాన్ని పంపిచ్చేసి, తెరవని సంచులు యాడ పెట్టుకుంటారు?" ఆయన తలూపి కారెక్కాడు. తలూపి పోయిన పెద్దమనుషులను ఆమె చాలామందినే చూసింది కనుక ఆశ పెట్టుకోలేదు.

బారెడు పొద్దెక్కాక ఓబుళేశు పిండి చేతులతోనే ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "బీబమ్మా, నిన్న పార్లమెంటులో ఉగ్రవాదం మీద చర్చంట. మన ఎంపీ నీ కత చెప్పినాడు చూడు."

ఫోనులో ఎంపీ తెలుగులోనే మాట్లాడుతున్నాడు. "ఈ సభలోకి రావాలంటే మన సంచులను యంత్రం చూస్తుంది. మా అహోబిలంలో ఒక పెద్దమ్మ చూస్తుంది. నా సంచి కూడా తెరిపించింది. ఇలాంటి కళ్ళను తీసెయ్యకండి, కలుపుకోండి." సభ్యులు బల్లలు చరిచారు. మంత్రి జవాబిస్తూ, ఇలా కాపు కాసే స్థానికులను భద్రతా ఏర్పాట్లలో చేర్చుకోమని రాష్ట్రాలకు రాస్తామన్నాడు.

"రంగు పొట్లం సంగతి చెప్పినాడా?" అంది హుసేన్‌బీ.

"ల్యా."

"నేనూ చెప్పల్యాలే."

మధ్యాహ్నం ఎస్సై జీపు వచ్చి ఆగింది. వెనక కానిస్టేబులు తిమ్మన్న. పాక పీకడానికే వచ్చారనుకుని ఓబుళేశు గరిటెతో సహా వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఎస్సై అతని పక్కనుంచి పోయి గుంజ మీది నోటీసు చింపేశాడు. తిరునాళ్ళ బందోబస్తులో వలంటీర్లకిచ్చే ఎర్ర పట్టీ తీసి ఆమె చేతికి కట్టించాడు.

"కలెక్టరాఫీసు నుంచి ఫోను వచ్చిందమ్మా. నీ పాక ఈడనే ఉంటాది. నేనూ పైకి పోయొస్తా, ఈ సంచి చూస్తాండు."

"తెరువు నాయనా," అంది హుసేన్‌బీ.

జనమంతా గొల్లున నవ్వారు. ఎస్సై కూడా నవ్వుతూనే తెరిచాడు. ఆ రోజు కలిగినంత సంతోషం ఆమెకు పెళ్ళినాడు కూడా కలగలేదు. కూతురికి ఫోను చేసి, "నేను రానులేమ్మా. ఈడ శానా పని ఉండాది," అంది. ఆ మాట అంటుంటే గొంతు పడుచుపిల్ల గొంతులా ఉంది.

పొద్దు వాలేవేళకు సంచులన్నీ ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. కృష్ణవేణమ్మది ఒక్కటే మిగిలింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నిదానంగా దిగుతుందిలే అని హుసేన్‌బీ గుంజకు ఆనుకుని కూర్చుంది. ఆఖరి బస్సుకు ముందు కృష్ణవేణమ్మ కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాపింది.

"నా సంచి ఇయ్యి అవ్వా."

హుసేన్‌బీ కళ్ళు మూసుకునే ఉంది. ముఖం మీద నవ్వులాంటిది ఇంకా ఉంది. తిమ్మన్న వచ్చి చెయ్యి పట్టుకు చూసి, టోపీ తీసేశాడు. కృష్ణవేణమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత తన పీలిక విప్పి, సంచికున్న పీలిక పక్కన అంచుకు అంచు పెట్టి, చూడని ఆ కళ్ళకు చూపించి, అప్పుడే సంచి తీసుకుంది.

మేకుకు ఇంకొక సంచి వేలాడుతూ ఉంది. హుసేన్‌బీది. దాని యజమాని ఇక లేదు. బోర్డు ప్రకారమైతే తిమ్మన్న స్టేషనుకు చెప్పాలి. అతను మిగిలిన చీర అంచును పళ్ళతో కొరికాడు. ఒక్క లాగుకు రాలేదు, రెండు మూడు సార్లు లాగాడు. పీలికను మధ్యకు చింపి, ఒక ముక్కను షాహనా వచ్చాక ఇవ్వడానికి చొక్కా జేబులో పెట్టుకుని, రెండోది సంచికి కట్టాడు. ఆ పాకలో తెరిచి చూడకుండా పీలిక కట్టిన సంచి అదొక్కటే.