సీటు కింది తీగ

మిట్టమధ్యాహ్నం గడ్డి కోసే బండి మైదానం నడిబొడ్డున రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. బక్కక్క దిగి తాళం తీసింది. పెట్రోలు క్యాను తెచ్చి బండికి నాలుగడుగుల దూరంలో నేలమీద పెట్టి, దాని పక్కనే గొంతుక్కూర్చుంది.

ఆ కూర్చోవడమే సూపర్వైజర్ కంట్లో పడింది. క్లబ్బు వరండా దిగి ఎండలో గబగబా వచ్చాడు. సాయంత్రం నాలుగింటికి అక్కడ విందు. అద్దె కుర్చీలు లారీ మీద గేటు దగ్గర ఎదురుచూస్తున్నాయి. వారం రోజుల వానకి పెరిగిన గడ్డి ఇంకా మూడో వంతు పిక్కల ఎత్తున అలాగే ఉంది. ఇంతమంది చెమటోడుస్తుంటే ఈవిడగారు ధ్యానం చేస్తోందేమిటని అడిగాడు. ఇంజను కాలిపోతోంది, పది నిమిషాలు చల్లారితేగానీ పెట్రోలు పొయ్యకూడదని చెప్పింది ఆమె.

ఈ పాఠం నేర్పింది క్లబ్బు మెకానిక్కు. పెట్రోలుకంటే పెట్రోలు ఆవిరి పెద్ద దొంగ అనేవాడు ఆయన. కంటికి కనపడదు, నేలమీద పాక్కుంటూ పోతుంది, వేడి ఎక్కడుందో వెతుక్కుంటుంది. సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టగలిగితేనే మూత తియ్యి. ట్యాంకు నిండా పొయ్యకు, రెండు వేళ్ళు ఖాళీ ఉంచు. ఒలికితే తుడిచి, బండిని అక్కణ్ణించి పక్కకి తోసి, అప్పుడు స్టార్టు చెయ్యి. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆయన ఎడమ ముంజేతి మీద చర్మం నలిపేసిన కాగితంలా ముడతలుపడి కనిపించేది. ఎలా కాలిందని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు.

సూపర్వైజర్ పది నిమిషాలు కాదు, పది సెకన్లు కూడా ఆగలేదు. క్యాను లాక్కుని తనే మూత తిప్పి గబగబా పోశాడు. పెట్రోలు పొంగి ఇంజను మీదికి కారింది. చుయ్యిమని పొగ లేచింది. బక్కక్క రెండడుగులు వెనక్కి దూకింది.

పొగ గాలిలో కలిసిపోయింది. అంతే.

"చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు. మీ భయాలకి జీతాలివ్వాలి మేము" అన్నాడాయన, చేతులు రుమాలుకి తుడుచుకుంటూ.

ఏమీ కాలేదు. పెత్తనం చేసేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండే సాక్ష్యం ఇదొక్కటే. నిన్న ఏమీ కాలేదు, మొన్న ఏమీ కాలేదు, కాబట్టి ఇవాళా కాదు. అయిన రోజున కాలేది వాళ్ళ చెయ్యి కాదు గనక ఆ సాక్ష్యానికి ఎదురులేదు.

ఆయన వెళ్ళాక బక్కక్క ఒలికిన పెట్రోలు గుడ్డతో తుడిచింది. ఊడ్చే వదిన చీపురు పారేసి వచ్చి చెయ్యి వేస్తే, ఇద్దరూ కలిసి బండిని పది అడుగులు పక్కకి తోశారు. సైలెన్సరు చల్లారేదాకా నీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ నిలబడ్డారు.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో ఎక్కడో ఉంది. నోళ్ళలో మాత్రం బక్కక్కే. మనిషి నలభై కిలోలు ఉంటే గొప్ప. ఈ బండికీ ఆమెకీ గొడవంతా ఆ బరువుతోనే వచ్చింది. సీటు కింద ఒక స్విచ్చు ఉంది. మనిషి కూర్చుంటే స్ప్రింగు అణిగి ఇంజను నడుస్తుంది, లేస్తే ఆగిపోతుంది. నడిపే మనిషి జారిపడినా, దిగి కింద చెయ్యి పెట్టినా బ్లేడు తిరగకుండా పెట్టిన ఏర్పాటది. మంచి ఏర్పాటే. కానీ ఆ స్ప్రింగు ఎనభై కిలోల మగవాడి కోసం చేసింది. చిన్న గుంత వచ్చి ఆమె కాస్త ఎగిరితే చాలు, సీట్లో మనిషే లేనట్టు బండి ఆగిపోయేది.

చేతి తొడుగులూ అంతే. అవీ ఎవరో భారీ మనిషి కొలతకి కొన్నవి. ఆమె వేళ్ళు లోపల సగం దాకా వెళ్ళి ఆగిపోతే, కొసలు ఖాళీగా వేలాడేవి.

కొన్నాళ్ళు ఆమె రెండు ఇటుకలు గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నడిపింది. దిగేటప్పుడు ఇటుకలతో సహా దిగేది, బండి ఆగేది. "బిడ్డ పాలు తాగిందా బక్కా?" అని ఊడ్చే వదిన రోజూ అడిగేది. "తాగి పడుకుంది వదినా, మేనమామ పోలికలు" అనేది ఈమె. ఒకరోజు క్లబ్బు సభ్యుడెవరో చూసి, ఆ మూట అసహ్యంగా ఉందన్నాడు. ఇటుకలు పోయాయి. మెత్తటి స్ప్రింగు కావాలని మెకానిక్కు మూడుసార్లు రాసిచ్చాడు. దాని ఖరీదు వరండాలో వాళ్ళు తాగే ఒక కాఫీ అంత. మూడు కాగితాలూ వరండా దాటలేదు.

అందుకే ఇవాళ పొద్దుట్నుంచీ ఆమెకి లోపల ఒకటే సంబరం. ఎన్ని గుంతలు దాటినా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. స్ప్రింగు వేసేశాడు మెకానిక్కు బాబాయి, చెప్పాపెట్టకుండా వేసేశాడు అనుకుంది. బండి తోసేటప్పుడు వదినతో కూడా అంది, ఇన్నాళ్ళకి ఈ బండి నన్ను మనిషి కింద జమకట్టింది అని.

రెండు గంటలకి కుళాయి పక్కన తడిగడ్డి దగ్గరికి వచ్చింది. అక్కడ ఎప్పుడూ ఉండే బాధే. తడిగడ్డి ముద్దకట్టి, బయటికి చిమ్మే గొట్టం పూడుకుపోయింది. వరండాలోంచి సూపర్వైజర్ గడియారం చూపిస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఆమె లేచింది, లేస్తూనే ఒంగింది, ఒంగుతూనే గొట్టంలోకి చెయ్యి పెట్టింది. లేస్తే ఆగుతుంది. ఏడాదిగా ఒంటికి అలవాటైన లెక్క అది.

బండి ఆగలేదు.

టప్పుమని ఏదో తెగిన చప్పుడు. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. తొడుగు మధ్యవేలు కొస లేదు. కత్తిరించినట్టు పోయింది. ఆ లోపల ఆమె వేలు, అంగుళం ఇవతల, గోరుతో సహా ఉంది. బొట్టు రక్తం లేదు. ఇంజను మాత్రం ఎవరూ లేని సీటుని మోసుకుని హాయిగా మోగుతూనే ఉంది.

ఆమె తాళం తిప్పి ఇంజను ఆపింది. ఆపాక సీటు ఎత్తింది. స్విచ్చులోంచి పీకిన రెండు తీగలు ఒకదానికొకటి మెలేసి, నల్లటేపు చుట్టి ఉన్నాయి. కొత్త టేపు.

మెకానిక్కు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. ముందు ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు. తర్వాతే జరిగింది చెప్పాడు. ఇవాళ విందు ఉంది, బండి ఎక్కడా ఆగకూడదు, తీగలు కలిపెయ్యమని పొద్దున సూపర్వైజర్ చెప్పాడు. టీకి వస్తావుగా, అప్పుడు చెబుదామనుకున్నానన్నాడు. ఇవాళ టీకి ఎవర్నీ వదల్లేదు.

"నువ్వు నేర్పినవన్నీ చేశాను బాబాయ్" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నీ చేత్తోనే ఇది కట్టావా?"



ఈలోపు సూపర్వైజర్ వచ్చాడు. తొడుగు చూశాడు, వేలు చూశాడు, ఊపిరి పీల్చుకున్నాడు. ముందు తాళం తియ్యకుండా చెయ్యెందుకు పెట్టావని నిలదీశాడు. ఆమె ఒప్పుకుంది. తాళం తియ్యకపోవడం తన తప్పే. కానీ ఆగే బండిని ఆగకుండా చేసి, ఆ మాట తనకి చెప్పకపోవడం ఎవరి తప్పని అడిగింది. అదంతా రేపు మాట్లాడుకుందామన్నాడు. ఏమీ కాలేదుగా, ఇంకో గంట పని, ముద్ద తీసి కానిచ్చెయ్యి అన్నాడు.

ఏమీ కాలేదుగా అన్న మాట రెండోసారి వినేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

"తీగలు విడదీస్తే ఎక్కుతాను సార్."

"మళ్ళీ అడుగడుక్కీ ఆగుతుంది. విందయ్యాక విడదీద్దాం."

"అయితే నేను ఎక్కను."

చీపుర్లు ఆగిపోయాయి. ఊడ్చే వదిన, మొక్కలకి నీళ్ళు పట్టే ముసలాయన దగ్గరికొచ్చి నిలబడ్డారు. నువ్వు కాకపోతే ఇంకొకరు అని సూపర్వైజర్ మెకానిక్కు వైపు తిరిగి, నువ్వెక్కు అన్నాడు. మెకానిక్కు జేబులోంచి పట్టకారు తీశాడు. సీటు దగ్గరికి ఒక అడుగు వేసి ఆగాడు. తీగలు విడదీయలేదు, బండీ ఎక్కలేదు. ఆ ముడతల చేత్తో పట్టకారుని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

గేటు దగ్గర కుర్చీల లారీ హారన్ కొట్టింది. దాని వెనకే ఇంకో కారు.

బక్కక్క తాళం తిప్పింది. ఇంజను మోగింది. బ్లేడు తిప్పే మీట వేసి, ఖాళీ సీటుని చూపిస్తూ వెనక్కి జరిగింది. ఆ మోతలో వినబడాలని ఈసారి గొంతు పెంచింది.

"ఏమీ కాదుగా సార్. మీరు చెయ్యి పెట్టి ఆ ముద్ద లాగండి. నేను ఇక్కడే ఉండి చూస్తాను."

సూపర్వైజర్ గొట్టం వైపు చూశాడు. చుట్టూ ఉన్న మొహాల వైపు చూశాడు. ఆయన రెండు చేతులూ మెల్లగా ప్యాంటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.