మాణిక్యం అత్త కంచాలు

"కబురొచ్చింది, ఊరంతా మన కంచాలే కావాలంటున్నారు" అని గోడ అవతల నుంచి ఎవరో కేకేసి చెబుతున్నారు, నేను పెళ్ళి పట్టుచీర మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని సిమెంటు గాబు పక్కన నిలబడి వింటున్నాను, వింటుంటే ఎంత సంతోషంగా ఉందంటే చేతులు కదపకుండానే గాజులు గలగలమంటున్నాయి, కానీ గాబు దగ్గర పీట మీద కూర్చున్న మాణిక్యం అత్త మాత్రం తల ఎత్తదు, కొబ్బరి పీచుతో ఒక స్టీలు కంచాన్ని గుండ్రంగా తోముతూనే ఉంటుంది.

"ఇప్పుడా," అంటుంది అలసటగా. "ఇప్పుడడిగి ఏం లాభవే. కడిగేదెవరు?"

మాణిక్యం అత్త మా నాన్నకి అక్క. ఆవిడ పోయి నాలుగు నెలలైందన్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది, కానీ మనిషి ఎదురుగా కూర్చుని పని చేసుకుంటుంటే ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటున్నాను. ఆవిడ చుట్టూ ఆ కంచాలే, రెండు వందల నలభై, మండపేటలో ఆవిడ ఇంటి అటక మీద ఉండేవి, పెళ్ళిళ్ళలోనూ గృహప్రవేశాల్లోనూ జనాలకి కానుకగా వచ్చినవి వీధిలో ఇంటింటికీ తిరిగి అడిగి పోగుచేసినవి, అందుకే ఒక్కోదాని అంచున ఒక్కో ఇంటి పేరు చెక్కి ఉంటుంది. ఎవరింట్లో భోజనాలైనా అత్త ఊరికే ఇచ్చేది, తిన్నవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు కడిగి గోడకి నిలబెట్టాలన్నది ఒక్కటే ఆవిడ పెట్టిన షరతు, అయినా ఇల్లు చేరాక అన్నిటినీ మళ్ళీ ఓసారి తనే తోముకునేది. చిన్నప్పుడు మాకు ఎవరి పేరున్న కంచం వస్తుందా అన్నదే సరదా, ఒకసారి నాకు మా లెక్కల మేష్టారి కంచం వచ్చింది, భయంతో కూర కూడా వదలకుండా తిన్నాను.

"నేను కడుగుతాను, ఇలా ఇవ్వు అత్తా" అని చెయ్యి చాపుతాను.

"గోరింటాకు పోతుందేమో."

"ఎప్పుడో పోయింది."

చూస్తే పోలేదు, ఎర్రగానే ఉంది, ఆ ఎరుపు చూసి సిగ్గుపడేలోగా గాబు గట్టు కాలవ గట్టుగా మారుతుంది, మేమిద్దరం నడుస్తున్నాం, ఎండ నెత్తిన కూర్చుని మాతోపాటే వస్తోంది, ఏప్రిల్లోనే ఇదేం ఎండ అని ఇద్దరం ఒకేసారి అనుకుంటాం కానీ ఎవరం పైకి అనం. దూరాన తెల్లగా ఏదో గుట్ట కనిపిస్తుంది, మల్లెపూలు రాశి పోశారనుకుని నేను గబగబా నడుస్తాను, దగ్గరికెళితే అవి థర్మకోల్ ప్లేట్లు, పప్పు అంటుకున్నవి, పెరుగు ఎండినవి, కొన్ని ఒక పక్క నుంచి కాలుతుంటే నల్లటి పొగ కాలవ మీద పాకుతోంది, అన్నిటికన్నా పైనున్న ప్లేటులో సగం కొరికిన బూరె ఇంకా వేడిగా ఉంది.

"అది మా పెళ్ళిది," అంటాను నెమ్మదిగా.

"తెలుసు. అది తినేటప్పుడే మీ ఆయన నీ ముక్కుకి పూర్ణం పూశాడు."

"నువ్వు చూశావా?"

"చూడకేం. పిలవకపోతే రాననుకున్నావా?"

నాకు ఏడుపొస్తుంది, ముక్కు మీద పూర్ణం చల్లగా తగులుతుంటే నవ్వు కూడా వస్తుంది, రెంటినీ ఆపుకుని, ఇన్నాళ్ళూ మోస్తున్న మాట బయట పెడతాను.

"నా పెళ్ళికి నీ కంచాలే పెడతానని ఆస్పత్రిలో నీ చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను అత్తా. తీరా సమయానికి, పోయిన మనిషి సామాను శుభకార్యానికి ఎందుకన్నారు మావాళ్ళు."

"వాళ్ళ సంగతి సరే. నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"ఏం?"

"జాకెట్లు కుట్టేవాడి దగ్గరికి టైమైపోతోందని."

అత్త ఆగి నా జాకెట్టు చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూస్తుంది. "బాగానే కుట్టాడులే," అంటుంది. అంత మాత్రానికే నా గుండె మీద బరువు సగం దిగుతుంది, మిగతా సగం అక్కడే ఉంటుంది, ఎందుకంటే చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పొద్దున్నే అత్త కూతురు రాజేశ్వరి వదిన ఫోన్లో మెసేజ్ పెట్టింది, ఇల్లు అద్దెకిస్తున్నాం, అటక ఖాళీ చెయ్యాలి, రేపు పదకొండింటికి పాత స్టీలు కొనే కొట్టాయన వస్తాడు, అమ్మ గుర్తుగా ఏమైనా కావాలంటే చెప్పు అని. నేను చదివి, మామిడిపండు తిందాం రమ్మని మా ఆయన పిలిస్తే ఫోన్ పక్కన పడేసి వెళ్ళిపోయాను.

"కరిగించేస్తారంట అత్తా."

"కరిగించనీ. రాజేశ్వరిని ఏమనకు, నడుం నొప్పి మనిషి, అటకెక్కి దిగలేదు." ఆవిడ తన నడుం కూడా పట్టుకుంటుంది. "నాకూ ఓపిక లేదే అమ్మాయ్. ఇరవై ఏళ్ళు కడిగాను. చేతులు చూడు."

చూస్తాను. వేళ్ళు నానిపోయి తెల్లగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి, మనిషి పోయినా ఆ ముడతలు ఆరలేదు. కాలవ గట్టు ఇప్పుడు మా కాలేజీ సెమినార్ హాలైంది, తెర మీద వాతావరణ మార్పు గురించి నేను తయారు చేసిన బొమ్మలు, గీతలు వెళుతున్నాయి, అప్పుడు ఎంతో బాగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు, ఇప్పుడు నోరు తెరిస్తే ఒక్క అంకె గుర్తు రావడం లేదు, ముందు వరసలో అత్త ఒళ్ళో కంచం పెట్టుకుని పీచు ఆపకుండా వింటోంది.

"నిజం చెప్పు అత్తా, మనం కంచాలు కడిగితే ఈ ఎండ తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరెందుకు ఇంత చాకిరీ?"

"మా వీధిలో భోజనాలైన మర్నాడు చెత్తబండి తేలిగ్గా వెళ్ళేది. దాన్నలా చూస్తూ కాఫీ తాగేదాన్ని. నాకది బాగుండేది."

"కడిగేదెవరని ఇందాక నువ్వే అన్నావుగా."

"మొదటి రోజు నుంచీ అంటూనే ఉన్నానే. అనేదాన్ని, కడిగేదాన్ని."

కంచం నా చేతికిస్తుంది. అంచున ఉన్న పేరు చదవబోతే సబ్బు నురగ కమ్ముతుంది, కడిగి నేల మీద బోర్లించబోతే చప్పున నా మణికట్టు పట్టుకుంటుంది.

"బోర్లించకు. నిలబెట్టు. బోర్లిస్తే నీళ్ళు లోపలే ఉండి మరక కడుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

నిలబెడదామంటే హాల్లో గోడ దొరకదు, నేను దగ్గరికి వెళ్ళేకొద్దీ గోడ వెనక్కి నడుస్తుంది, ఆ గోడ పక్కన మా ఆయన శ్రీకర్ పెళ్ళి పంచెలో, బుగ్గన చుక్కతో, వరసలో నిలబడ్డ పెళ్ళికొడుకులందరిలోకీ అందంగా నిలబడి ఉన్నాడు.

"ఈయనేనా?"

"ఈయనే."

"కంచం కడుగుతాడా?"

"తెలీదత్తా, పెళ్ళై ఇరవై ఆరు రోజులేగా."

"అడగలేదూ?"

"సిగ్గేసింది."

అత్త నవ్వుతుంది, కలంతటిలో అదొక్కటే నవ్వు, నవ్వుతూనే మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తుంది, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటుంది. "కాసేపు నువ్వు చూడు. నేను నడుం వాలుస్తాను" అని, నిలబెట్టిన కంచాల వరసల మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ వెళుతుంది, ప్రతి కంచంలోనూ ఒక్క క్షణం ఆవిడ చీర రంగు మెరిసి పోతుంటుంది, పిలుద్దామనుకుంటాను కానీ ఆ వీపు చూస్తే పడుకోనివ్వాలనిపిస్తుంది, పీట మీద కూర్చుని పీచు అందుకుంటాను, అది ఇంకా వెచ్చగా ఉంది. ఎక్కడో ఒక కంచం ఠంగుమంటుంది.

కళ్ళు తెరుస్తాను. కాకినాడలో మా ఒంటిగది ఇల్లు, మధ్యాహ్నం మూడున్నర, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, దిండు తడిసి ఉంది. వంటింట్లో నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే శ్రీకర్ బనీనులో, మేమిద్దరం కలిసి తిన్న కంచం కడగడం అప్పుడే ముగించి చేతులు దులుపుకుంటున్నాడు. కంచం కిటికీ ఊచలకి ఆనించి నిలబడి ఉంది, దాని అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి.

"ఇలా పెట్టమని మీకెవరు చెప్పారు?"

"ఎలా?"

"నిలబెట్టి."

"ఎవరూ చెప్పలేదు," అంటాడు తను, అడగడమే వింతన్నట్టు. "బోర్లిస్తే మరక కడుతుంది కదా."

ఆయన మా అత్తని ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఆయన్ని అలా చూస్తూనే ఫోన్ వెతికి వదినకి చేస్తాను, రెండో రింగుకే ఎత్తుతుంది.

"వదినా, ఆ కొట్టాయన్ని రావద్దని చెప్పు. కంచాలన్నీ నాకు కావాలి."

"అన్నీనా? ఏం చేసుకుంటావే అన్ని? కడిగేదెవరు?"

"రేపు పొద్దున్న ఆరున్నర బస్సుకి ఇద్దరం వస్తున్నాం," అంటాను. "గోనెసంచులు తీసి ఉంచు."