మంచం కింద రోడ్డు

బస్సు నడిపేవాడికి వెయ్యకూడని శిక్ష ఏదన్నా ఉందంటే, బోర్లా పడుకుని నేల చూస్తూ ఉండమనడమే. హారన్ బాబాయికి సరిగ్గా అదే పడింది.

ఆ పేరు డిపోలో వాళ్ళు పెట్టింది. ముందున్న బండి కదలకముందు కదలమనీ, కదిలాక ఇంత ఆలస్యంగానా అనీ హారన్ కొట్టే మనిషి మరి. ఇంట్లోనూ అంతే. కాఫీ రావడం కాస్త ఆలస్యమైతే బల్లమీద వేళ్ళతో దరువు మొదలు. కూర్చున్నచోట కూర్చోడు, నిలుచున్నచోట నిలవడు. నిద్రలో కూడా ఆయన కాలు బ్రేకు తొక్కుతూ ఉంటుందని భార్య చెబుతుంది. అలాంటివాడికి కుడికంట్లో వెనకవైపు పొర ఊడింది.

కళ్ళ డాక్టరు ఆపరేషన్ చేసి, పొరని సర్ది, కంటిలోపలికి చిన్న గాలిబుడగ ఎక్కించాడు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. తేలుతూ ఆ పొరని వెనకగోడకి అదిమి పట్టాలి, అది అతుక్కునేదాకా. అందుకని మొహం ఎప్పుడూ నేలవైపే ఉండాలి. పడుకున్నా బోర్లాయే, తిన్నా తల వంచుకునే, బాత్‌రూమ్‌కి వెళ్ళినా కాలివేళ్ళు చూసుకుంటూ వెళ్ళడమే. వారం పైమాటే. తల ఎత్తితే పొర మళ్ళీ ఊడుతుందని, ఈసారి ఊడితే తన చేతుల్లో ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఒంటికన్ను మనిషిని నమ్మి అంత బస్సునీ, అంతమంది జనాన్నీ ఎవరు అప్పగిస్తారు? స్టీరింగు తప్ప ఇంకో పని తెలియని బాబాయికి ఆ పూట అన్నం దిగలేదు.

ఇంటికొచ్చేసరికి మంచం సిద్ధంగా ఉంది. అత్తగారి నవారు మంచం అది. తలవైపు నవారు పట్టీలు రెండు వదులు చేసి పక్కకు జరిపి, మొహం పట్టేంత కిటికీ చేశారు. అంచులు నుదురుకీ బుగ్గలకీ ఒరుసుకోకుండా మెత్తటి పాతగుడ్డ చుట్టి కుట్టారు. బోర్లా పడుకుని మొహం అందులో పెడితే తిన్నగా మంచం కింద నేల కనబడుతుంది. ఈ ఉపాయం ఎవరిదని ఆయన అడగలేదు. భార్యదే అనుకున్నాడు. ఆవిడ బట్టల దుకాణంలో పనిచేస్తుంది, కత్తెరా సూదీ తెలిసిన మనిషి. పొద్దున వెళితే చీకటిపడే వేళకి వస్తుంది. పగలంతా ఇంట్లో ఉండేది బాబాయీ, అత్తగారూ.

వచ్చిన చిక్కంతా అక్కడే. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

రెండేళ్ళ కిందట చుట్టాలింటికి వెళ్ళడానికి బాబాయి ఎవరిదో వ్యాను అడిగి తెచ్చాడు. అత్తగారు కళ్ళజోడు కనబడక ఇంట్లో వెతుక్కుంటోంది. బాబాయి బయట హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆవిడ నింపాదిగా బయటికొచ్చి, "నేనేమన్నా రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదెనా?" అని అడిగి వ్యాను ఎక్కింది. అల్లుడితో ఆవిడ నేరుగా అన్న ఆఖరి మాట అదే. ఆవిడది పట్టింపు, ఆయనది బెట్టు. అప్పట్నుంచీ ఏం చెప్పాలన్నా మధ్యలో కూతురు ఉండాలి. కూతురు లేనప్పుడు ఆవిడ గోడతో మాట్లాడుతుంది. "చుక్కల మందు వేసే టైమైంది." "అన్నం చల్లారిపోతోంది." ఎవరికో వాళ్ళకి తగులుతుంది, తగిలినవాళ్ళు లేస్తారు.

మొదటిరోజు టీ తాగుతుంటే బిస్కట్టు ముక్కొకటి విరిగి మంచం కింద పడింది. తీయబోతే తల తిప్పాలి, ఎందుకులే అని వదిలేశాడు. కాసేపటికి ఎక్కణ్ణుంచి కనిపెట్టిందో ఒక చీమ వచ్చింది. ముక్క చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత వరసగా వచ్చాయి. బాబాయి చూస్తూ ఉండిపోయాడు. ఇంతలో గుమ్మం దగ్గర అత్తగారి రబ్బరు చెప్పుల చప్పుడూ, ఫినాయిల్ వాసనా. ఇక ఈ చీమల పని అయిపోయింది అనుకున్నాడు.

చీమలంటే ఆవిడకి పగ మరి. ఆ ఇంట్లో చక్కెర డబ్బా నీళ్ళ పళ్ళెంలో నిలబడుతుంది. గుమ్మాలన్నిటికీ మందు సుద్దతో గీతలుంటాయి. ఒక్క చీమ కనబడితే చాలు, అది ఏ ఊరినుంచి వచ్చిందో కనుక్కుని దాని వంశం మొత్తాన్ని తుడిచిపెడితే గానీ ఆవిడకి నిద్రపట్టదు. కానీ ఎందుకో ఆ సాయంత్రం చెప్పులు గుమ్మం దగ్గర ఆగి, కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాయి. ఆవిడ చూడలేదని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

రెండోరోజు మంచం కింద ఏమీ లేదు. గచ్చు పలకలు, ఒక మంచంకోడు, గోడ మొదట్లో పగులు. బాబాయి వాటినే చూసి చూసి విసిగిపోయాడు. మధ్యాహ్నం వీధి మలుపులో ఏదో బస్సు ఇరుక్కున్నట్టుంది, హారన్ మీద హారన్. వెనక్కి తీసి ఎడమకి కొట్టాలి, ఆమాత్రం తెలియదా అని ఒళ్ళంతా తహతహలాడింది. ఏం చేస్తున్నాడో తెలిసేలోపల లేచి కూర్చున్నాడు. తల ఎత్తి కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు, చేతిలో చుక్కల మందు సీసా. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. ఒక్క మాటా అనలేదు, గోడతో కూడా అనలేదు. ఆయన కిక్కురుమనకుండా బోర్లా పడుకున్నాడు. సాయంత్రం భార్య వచ్చింది. ఇక పంచాయితీ మొదలవుతుందని చెవులు రిక్కించి పడుకున్నాడు. ఏ పంచాయితీ రాలేదు. తల్లీకూతుళ్ళు కూరల గురించి మాట్లాడుకుని పడుకున్నారు. పొర ఊడిందో ఉందోనన్న భయంతో బాబాయి మాత్రం చాలాసేపు మేలుకునే ఉన్నాడు.

మర్నాడు పొద్దున మొహం కడుక్కుని వచ్చి నవారు కిటికీలో తల పెట్టేసరికి, మంచం కింద రోడ్డు పడి ఉంది.

చిన్న నల్లచీమలు, కుట్టనివి. గోడ పగుల్లోంచి బయల్దేరి, రెండు పలకల మధ్య గీత పట్టుకుని, మంచంకోడు దగ్గర మలుపు తిరిగి, నాలుగు చక్కెర పలుకులూ కాస్త రొట్టెపొడీ ఉన్నచోటికి వస్తున్నాయి. పోయేవి ఒక వరస, వచ్చేవి ఒక వరస. పోలీసు లేడు, లైట్లు లేవు. ఎదురుపడ్డ రెండూ ఒక్క క్షణం ఆగి, మీసాలు తాకించుకుని, ఏదో మాట అయిపోయినట్టు చెరోపక్కకీ తప్పుకుంటున్నాయి. బరువుతో వచ్చేదానికి ఖాళీగా వెళ్ళేది దారిస్తోంది. బాబాయి ఎడమకన్ను చికిలించి చూశాడు. ఒక్కటి కూడా ఇంకోదాన్ని తరమడం లేదు.

ఓ పెద్ద రొట్టెముక్కని నాలుగైదు పట్టుకున్నాయి. కొన్ని ఇటు లాగితే కొన్ని అటు లాగుతున్నాయి, ముక్క ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. ఆయన పళ్ళు పటపట కొరికాడు. ఇటురా, ఇటు, అని గొణిగాడు. చీమలు ఆయన్ని లెక్కచెయ్యలేదు. ఎవరూ చెప్పకుండానే కాసేపటికి అన్నీ ఒకవైపుకి సర్దుకున్నాయి, ముక్క కదిలింది. మలుపు తిరిగింది. పగులు దగ్గరికి వెళ్ళాక అది పట్టలేదు. పట్టకపోతే పోనీ అని కూర్చుని కొరికి, చిన్నవి చేసి, లోపలికి చేరవేశాయి. ఆఖరి తునక పగుల్లోకి వెళ్ళేదాకా బాబాయి చూశాడు. ఒక పని పూర్తయ్యేదాకా తొందరపెట్టకుండా చూడడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

ఒకసారి కంట్లోంచి మందుచుక్క జారి సరిగ్గా రోడ్డు మీద పడింది. చీమలకది చెరువే. రెండువైపులా ఆగిపోయాయి. ఇప్పుడు చూడాలి గొడవ అనుకున్నాడు. గొడవేం లేదు. ఒకటి అంచు తడిమి, వెనక్కి వెళ్ళి, చుట్టు తిరిగి అవతలికి చేరింది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనక అన్నీ. చూస్తుండగానే చుట్టుదారి మామూలు దారి అయిపోయింది. బాబాయి బిగించుకున్న దవడ వదులైంది, భుజాలు దిగాయి. మెడనొప్పి ఉంది గానీ అది పక్కింటివాళ్ళ నొప్పిలా ఉంది. ఇంత హాయి తనకి ఎప్పుడు తెలిసిందో గుర్తురాలేదు. ఆ చీమలకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేవాడే, చేతులు శరీరం కింద ఉండిపోయాయి.

ఇక ఆయనకి ఒకటే దిగులు, అత్తగారి కంట పడతాయేమోనని. చెప్పుల చప్పుడు వినబడగానే పక్కనున్న దుప్పటిని తెరలా కిందికి జార్చేవాడు. "దుప్పటి అలా వేలాడితే లోపలికి గాలెలా ఆడుతుంది," అని గోడతో అనేది ఆవిడ. దుప్పటి మాత్రం ఎత్తేది కాదు. తన తెలివికి తనే మురిసిపోయేవాడు బాబాయి. తిండి ఎక్కణ్ణుంచి వస్తోందన్న ఆలోచన కూడా లేకపోలేదు. తను తింటున్నప్పుడు రాలినవేనని సరిపెట్టుకున్నాడు. వంచిన తలతో తినేవాడి పళ్ళెంలోంచి ఏం రాలవు?

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక, జార్చిన దుప్పటిని అలాగే వదిలేసి కన్ను మూసుకుని పడుకున్నాడు. నిద్ర రాలేదు, ఊపిరి మాత్రం నెమ్మదిగా ఆడుతోంది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. అందులో మోకాళ్ళు టకటకమన్న చప్పుడైంది. కన్ను తెరిచాడు. దుప్పటి అంచు పైకి లేచింది. మంచం కిందికి ఒక చెయ్యి వచ్చింది, మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ ఉన్న చెయ్యి. అది ఆయన మొహం కింద సరిగ్గా కనబడేచోట చిటికెడు చక్కెరా, దానికి కాస్త ఎడంగా రొట్టెపొడీ వేసింది. దారిన పోతున్న చీమ ఒకటి వేలెక్కితే, దాన్ని విదిలించకుండా నేలకి ఆనించి దిగేదాకా ఆగింది.

"తొందరపడి ఊడ్చెయ్యకండి," అంది ఆవిడ గొంతు, చీమలతో. "సాయంత్రం అమ్మాయి వచ్చేదాకా సరిపోవాలి. అంతవరకూ ఆయన్ని కదలనివ్వకండి."

తర్వాత మంచంకోడు పట్టుకుని, ఆగి ఆగి, మూలుగు బయటికి రాకుండా లేచింది. మోకాళ్ళ నొప్పితో పీటమీద కూడా కూర్చోలేని మనిషి. చెప్పులు వదిలేసి వచ్చినట్టుంది, వెళ్ళేటప్పుడు చప్పుడే లేదు.

బాబాయి కదల్లేదు. చీమలు వచ్చాయి, పలుకులు ఎత్తుకున్నాయి, ఆయనకి అన్నీ మసకమసగ్గా కనబడ్డాయి. ఇన్నాళ్ళూ తనే ఆవిణ్ణుంచి చీమల్ని దాస్తున్నానని మురిసిపోయాడు. మంచం ఆవిడది, భార్యేమో అప్పుడు ఆసుపత్రిలో తన పక్కనే ఉంది. నవారు జరిపి కిటికీ కుట్టిన చేతులూ ఆవిడవేనని ఇప్పుడు తట్టింది. తల్లి పోయాక తనకోసం ఇలా నేలమీదికి వంగినవాళ్ళు లేరు. ఆ తర్వాత కూడా దుప్పటి జార్చడం మాత్రం మానలేదు. ఆవిడ ఆట ఆవిడని ఆడనివ్వాలనుకున్నాడు.

గడువు తీరాక డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. భార్య బాబాయి భుజం పట్టుకుని నిలబడింది. పొర చక్కగా అతుక్కుంది, ఇక తల ఎత్తుకోవచ్చు, బుడగ దానంతటదే కరిగిపోతుంది, ఆ తర్వాత మెల్లగా బస్సు సంగతి చూడొచ్చు అన్నాడు డాక్టరు. మీరు భలే ఓపిక ఉన్న మనిషండీ అని కూడా అన్నాడు. భార్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ఓపిక తనది కాదని బాబాయి చెప్పబోయి, చెప్పాల్సింది ఇక్కడ కాదని ఊరుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే భార్య కబురు చెప్పేసింది. అత్తగారు తలూపి వంటింట్లోకి వెళ్ళి, ముక్కు తుడుచుకుని, ఫినాయిల్ బకెట్టుతో బయటికొచ్చింది. "ఇక ఈ చీమల సంత ఎత్తెయ్యొచ్చు," అంది గోడతో.

"అత్తయ్యా," అన్నాడు బాబాయి.

భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"నా కన్ను నిలబెట్టింది మీరు. ఎలా చెప్పాలో నాకు చేతకావడం లేదు. ఆ రోజు నేను లేచి కూర్చున్నది చూసి కూడా మీ అమ్మాయికి చెప్పలేదు."

ఆవిడ గోడకేసే చూస్తోంది. "చెబితే ఏమవుతుంది? అది మీమీద అరుస్తుంది, మీరు దానిమీద అరుస్తారు. అరిస్తే తల లేస్తుంది కదా," అంది. చివరి మాటకి చూపు గోడ మీంచి ఆయన మీదికి వచ్చింది. "మొదటిరోజు బిస్కట్టు ముక్క పడ్డప్పుడు చూశాను. టీ చల్లారిపోయినా మీరు పట్టించుకోలేదు. మనం వంద చెప్పినా వినని మనిషి వీటి మాట వింటున్నాడు, పోనీలే అనుకున్నాను."

బాబాయి వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళ పళ్ళెంలోంచి చక్కెర డబ్బా ఎత్తి తెచ్చాడు. ఆ డబ్బాని ఆవిడ తప్ప ఇంకొకరు ముట్టుకోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. మంచం పక్కకి జరిపి నేలమీద కూర్చుని గుప్పెడు తీశాడు.

"అంతొద్దు, ఒక్క పూటకే తేల్చేస్తాయి," అంది ఆవిడ. "చిటికెడు చాలు."

చిటికెడే వేశాడు. భార్య కుర్చీ తెచ్చి తల్లి వెనక పెట్టింది. అందులో కూర్చుని మోకాళ్ళు పట్టుకుని ఆవిడ ముందుకి వంగింది. పగుల్లోంచి ఒక చీమ వచ్చి, తడిమి చూసి, వెనక్కి పరిగెత్తింది. ఇద్దరూ ఎదురుచూశారు. వరస మొదలైంది. అలవాటైన మెడ కదా, బాబాయి తల దానంతటదే నేలకేసి వంగిపోయింది.

"బాబూ," అంది ఆవిడ, "ఇక తల ఎత్తండి. నాకు కనబడడం లేదు."

హారన్ బాబాయి తల ఎత్తాడు.