లాగి చూసిన ముక్క

"చిన్నదైతే ఓర్చుకుంటుందిరా. మీ వదినకి అంత ఓపిక ఎక్కడిది?" అన్నారు ఫోన్‌లో పెద్ద బావగారు. ఆయన మాట్లాడేది తమ్ముడితోనే అయినా ఆ గొంతు ఇల్లంతా వినబడుతుంది. స్నానాలగదిలో అత్తగారి దుప్పటి పిండుతున్న చిన్నకోడలు ఒక్క క్షణం ఆగింది. నీళ్ళు కారిపోయాయి గానీ దుప్పటి బరువు తగ్గలేదు.

ఓర్పు. పెళ్ళైన కొత్తలో ఆ మాట మెచ్చుకోలులా ఉండేది. ఆడబడుచు పురుడు చిన్నదే చూసుకుంది. మామగారు మంచం పట్టిన రెండేళ్ళూ చిన్నదే చూసుకుంది. ఆయన పోయిన రోజు వచ్చిన చుట్టాలు బంగారంలాంటి కోడలని ఆమె గడ్డం పట్టుకుని, ఆ వెంటనే టీ పెట్టమన్నారు. ఇప్పుడు అత్తగారి తుంటి విరిగింది. మూడు నెలలు ఇక్కడ, తరవాత పెద్దకొడుకు దగ్గర అనుకున్నారు. గడువు నిన్నటితో తీరింది. సోమవారం పనిలోకి రాకపోతే చిన్నదాని బల్ల ఇంకొకరికి ఇస్తానన్నాడు ఆమె పనిచేసే వర్క్‌షాపు మేస్త్రి. ఇన్నాళ్ళు దాన్ని ఖాళీగా ఉంచడమే అతని మంచితనం.

ఆ బల్ల దగ్గర ఆమె పని, కరెంటు వైర్ల కొసలకి రాగి లగ్గులు, అంటే మోటార్లకి బిగించే చిల్లు బిళ్ళలు, నొక్కడం. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు ఒలిచేటప్పుడు లోపల ఒక్క రాగి పోగు తెగకూడదు. తెగినవాటిని కప్పెట్టి నొక్కేస్తే పైకి తెలియదు, మోటారు బరువు పడ్డ రోజున కాలి తెలుస్తుంది. వైరుకి తగ్గ లగ్గు, లగ్గుకి తగ్గ నొక్కుడు అచ్చు ఉండాలి. "పొద్దస్తమానం తీగలు నొక్కొస్తావు, కాళ్ళు నొక్కమంటే మాత్రం చేతులు నొప్పి," అనేవాడు భర్త, నవ్వుతూనే.

ఇప్పుడాయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "విన్నావుగా. అమ్మకీ నువ్వే అలవాటు. ఉద్యోగానిదేముంది, మళ్ళీ చూసుకోవచ్చు."

ఆమె దుప్పటి ఆరేసి, అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిణ్ణి నెమ్మదిగా పక్కకి తిప్పి వీపుకి పౌడరు రాసింది. ఆవిడ గోడకేసి చూస్తూ అడిగింది.

"పెద్దాడు నన్ను వద్దన్నాడా?"

"వద్దనలేదు అత్తయ్యా. నేనైతే ఓర్చుకుంటానన్నారు."

"అది నిజమే కదే."

ఆమె చెయ్యి ఆగింది. కోపం రాలేదు. అంత ఓపిక కూడా లేదు.

"మా వర్క్‌షాపులో పొద్దున్నే కొన్ని వైరు ముక్కలకి లగ్గులు నొక్కి, మెషీనుకి బిగించి లాగి చూస్తాం అత్తయ్యా. ఇంత బరువుకి నిలవాలని లెక్కుంటుంది. ఊడితే అచ్చు సరిచేసుకుంటాం."

"ఊడకపోతే?"

"పని మొదలుపెడతాం."

"ఆ ఊడనిదాన్నే ముందు వాడతారన్నమాట. గట్టిదిగా."

"వాడం. పారేస్తాం. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, లోపల పోగులు సాగిపోయి ఉంటాయి. ఒకసారి అంత బరువు మోసినదాన్ని మళ్ళీ పనిలో పెట్టకూడదు."

ఆవిడ, రోజూ అందించమని అడిగే గ్లాసుకోసం తనే చెయ్యి చాపింది. సగం నీళ్ళు మెడమీద ఒలికాయి. కోడలు తుడవబోతే, ఉండనివ్వమన్నట్టు తలాడించింది.

ఆమె ముందుగదిలోకి వెళ్ళి భర్త ఎదురుగా నిలబడింది.

"బావగారికి ఫోన్ చెయ్యండి. ఆదివారం అత్తయ్యని తీసుకొస్తున్నామని చెప్పండి. సోమవారం నేను పనికి వెళ్తున్నాను."

ఆయన ఫోన్ ముట్టుకోలేదు. "చూశావా అమ్మా, నీ కోడలి వరస?" అన్నాడు లోపలి గదికి వినబడేలా.

మంచం మీంచి అత్తగారి గొంతు వచ్చింది.

"నా బట్టలు బీరువాలో ఉన్నాయిరా. దాన్ని పిలవకు. నువ్వే సర్దు."

ఆయన బీరువా తెరిచి, ఏ అరో తెలియక భార్యవైపు చూశాడు. ఆమె చెప్పలేదు.