మూడోవారం పడిపోయిన మొగుడు

మిరపకాయల తొడిమలు తీస్తూ తీస్తూ, మండుతున్న చేత్తోనే కన్యాకుమారి ఫోన్ ఎత్తింది. విజయవాడ నుంచి వారపత్రిక ఎడిటరు.

“మీరు మొదట చెప్పిన నవల ఇది కాదు కదండీ. యమున కిరాణా కొట్టు నడుపుతుందన్నారు. వారాల తరబడి ఆవిడ రుబ్బుతోంది, వడ్డిస్తోంది. ఇలాగే ఉంటే ఆపేయాల్సి వస్తుందమ్మా.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకునేది.

కోటబొమ్మాళిలో కొట్టు ముందు వాటా, కాపురం వెనక వాటా. కొట్లోకి పోయే ప్రతి సరుకూ ముందు ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. చింతపండు గింజ తియ్యాలి, పప్పు చెరగాలి, పొట్లాలు కట్టాలి. మొన్న తిత్లీ తుఫానుకి రేకులెగిరిపోతే తడిసిన మూటలన్నీ ఆరబెట్టిందీ ఆమే. గల్లాపెట్టె వెనక కుర్చీలో మాత్రం పదిహేడేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదు. “అది మొగోడి సోటు. ఆడది కూకుంటే లచ్చిమి లెగిసిపోతాది,” అని అత్తగారు పెళ్లైన కొత్తలోనే చెప్పింది. లక్ష్మి మాత్రం ఆడది కాదా అని నోటిదాకా వచ్చింది కానీ అడగలేదు. అలా అడగని మాటలన్నీ పోగేసుకునే నవల మొదలుపెట్టింది.

నవల్లో యమున ఆ కుర్చీలో కూర్చుని ఊరందరితో బేరాలాడాలి. అదీ అసలు పథకం. తీరా చూస్తే కుర్చీలో యమున మొగుడున్నాడాయె. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఒక్క దారే కనిపించింది. మూడోవారం చివర ఆ మొగుడు బెల్లం తూస్తూ తూస్తూ గుండె పట్టుకుని పడిపోయాడు.

మొదటి రెండు వారాలూ కన్యాకుమారి మొగుడు నగరేశ్వరరావు పత్రిక గల్లా మీదే పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ “మా ఆవిడే” అని చూపించాడు. మూడోవారం రైతు జగన్నాధం నూనెకొచ్చి, “ఏటి నగరేశం, నువ్వింకా బతికే ఉన్నావేటి? మీ ఆడది సంపేసినాదంట కదా,” అన్నాడు. ఊరికి అంతకంటే ఏం కావాలి?

నగరేశ్వరరావు ఆ పూట కంచం నెట్టేశాడు. “నీకేటి తక్కువ సేసినానని నా సావు కోరుకుంటన్నావే?” అన్నాడు. అతని కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి, పాపం. అత్తగారు కోడలి మెడలో తాడు వంక చూసి ఏడుపు లంకించుకుంది. “ఆణ్ని లేపే. వచ్చే వారానికల్లా లేపీ.”

లేపింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో వేసి బతికించింది. ఇంటికి రాగానే ఆ మహానుభావుడు తిన్నగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, యమున జావ కాచడానికి వంటింట్లోకి వెళ్లింది. పోనీ పక్షవాతం తెప్పిద్దామంటే, “మంచాన పడేస్తావేటి?” అన్నాడు నగరేశ్వరరావు. యమున మొగుణ్ణి శ్రీకూర్మం దర్శనానికి పంపితే సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాడు. ఎంత దూరమని శ్రీకూర్మం?

ఇప్పుడు ఎడిటరు ఫోన్ పెట్టేశాక కన్యాకుమారి మిరపకాయల ముందు అలాగే కూలబడింది. యమునకి ఆ కొట్టు తప్ప గతి లేదు, తనకి ఈ నవల తప్ప గతి లేదు. ఇది ఆగిపోతే తననిక ఎవరూ పేరు పెట్టి పిలవరు. “ఏమే, పొట్లాలైపోనాయా” అన్న పిలుపొక్కటే మిగులుతుంది, కాటికి పోయేదాకా. చచ్చిపోతే బాగుండుననిపించింది. అనిపించగానే ఆ మాట తనకే వింతగా తోచింది. ఎవరో ఒకరు చావందే ఈ కథ ఎందుకు నడవదు? యమున మొగుడు తాగడు, కొట్టడు. కాస్త లేవమని అతన్ని యమున ఒక్కసారైనా అడిగిందా? రాసేదానికే తట్టనిది రాయబడ్డదానికి ఎలా తడుతుంది? ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ణి చంపడం తేలికైంది కానీ లెమ్మనడం చేతకాలేదు. ఆ సంగతి తెలిసి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

చేతులు కడుక్కుని ముందు వాటాలోకి నడిచింది. కొట్టు నిండా జనం. బేరాల వేళ ఆమె అటు రావడం ఎవరూ ఎరగరు.

“పొట్లాలైపోనాయేటి?” అన్నాడు నగరేశ్వరరావు తలెత్తకుండానే.

“లెగండి. నేను కూచుంటాను.”

అతను తలెత్తి నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

“ఏటైనాది నీకు? నేను సచ్చిపోనానేటి, నువ్వొచ్చి ఇక్కడ కూకోడానికి?”

ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

“లేదు. మీరు బతికుండగానే అడుగుతన్నాను.”