సోమవారం పిండి

పిహెచ్‌డీ పూర్తయ్యాక మా ఇంట్లోవాళ్లు ముందు గర్వపడ్డారు, తర్వాత కంగారుపడ్డారు. ఇడ్లీ పిండిలోని బ్యాక్టీరియా మీద అన్నేళ్లు పనిచేసినదానికి ఉద్యోగం ఎవరిస్తారని వాళ్ల బెంగ. మా గైడ్ సుందరరావు గారికి మాత్రం ఏ బెంగా లేదు. ఒకరోజు పొద్దున ఫోన్ చేసి, "ఇంకో ఏడాది ప్రాజెక్టు ఉంది, చేరిపో ఉదయశ్రీ. సాయంత్రంలోగా చెప్పు" అన్నారు. ఆ ఏడాది తర్వాత మరో ఏడాది ఉంటుందని నాకు తెలుసు. ల్యాబంటే నాకు ఇష్టమే, కానీ అందులోనే జుట్టు నెరిసిపోవడం ఇష్టం లేదు.

అదే మధ్యాహ్నం ముషీరాబాద్‌లో, దోసెల పిండి పాకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో నాకు ఇంటర్వ్యూ. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మా బాబాయి కొడుకు అభిజిత్ పొద్దున్నే చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చి మాక్ ఇంటర్వ్యూ పెట్టాడు. వాడు రాసిన పరీక్షల కన్నా పెట్టిన మాక్ ఇంటర్వ్యూలే ఎక్కువ.

"నీ వీక్‌నెస్ ఏందని అడుగుతరక్కా. పని ఎక్కువ చేసుడే నా వీక్‌నెస్ అనాలె. ఫెయిలైన ముచ్చట పొరపాటున గూడ ఎత్తకు."

"అబద్ధం చెప్పమంటున్నవారా?"

"అబద్ధం గాదక్కా, ప్రిపరేషన్."

ఫ్యాక్టరీ యజమాని రాజకుమారి గారు యాభై దాటిన మనిషి. నా పేపర్లు, బహుమతుల గురించి చెబుతుంటే ఆవులింత ఆపుకున్నారు. వీక్‌నెస్ అడగనే అడిగారు. అభిజిత్ నేర్పిందే అప్పజెప్పాను.

"పొద్దుగాల నుంచి వచ్చినోళ్లందరికీ గదే రోగం ఉన్నదమ్మా" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. అభిజిత్ ఎదురుగా ఉంటే వీపు విమానం మోత మోగించేదాన్ని.

ఆవిడ పూరీలా ఉబ్బిన పాకెట్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. "ఎండలు ముదిరినంక ఇట్ల వాపస్ వస్తున్నయి. షాపులోళ్లు తిడుతున్నరు. ఒకాయన బియ్యం మార్చమన్నడు, ఇంకొకాయన మినప్పప్పు మార్చమన్నడు. రెండూ మార్చిన. నువ్వేం మార్చమంటవ్?"

"ఏం మార్చొద్దు మేడం. రెండూ ఒక్కసారే మార్చుడే తప్పు!"

నోరు జారింది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఇక పోయేదేముందని మిగిలింది కూడా కక్కేశాను.

"నా పిండి రెండేళ్లు పాడైంది మేడం. బ్యాక్టీరియాను తిట్టిన, నీళ్లను తిట్టిన, ఏడ్చిన గూడ. చివరికి చూస్తే పాడైనవన్నీ సోమవారం తీసినవే. ఆదివారం మా ల్యాబ్ బిల్డింగుల ఏసీ బంద్ పెడుతున్నరు. పిండి మంచిదే, పెట్టిన జాగ మంచిది గాదు. ఈ సంగతి నేను ఏ పేపర్ల రాయలే."

ఆవిడ ముందుకు వంగారు. నాకు ధైర్యం వచ్చింది.

"మీ పాకెట్లు ఏ షాపుల నుంచి వాపస్ వస్తున్నయి?"

ఆవిడ వేళ్లమీద లెక్కపెట్టారు. "ముషీరాబాద్ నుంచి ఒక్కటి రాలే. నారాయణగూడ నుంచి గూడ రాలే. అన్నీ కోఠి నుంచే... బండి లాస్టుకు పోయేది గాడికే."

"అయితే ముందు పిండిని కాదు, బండిని చూడాలె. రేపు థర్మామీటర్ పట్టుకొని దాంట్ల నేనే కూసుంట."

"నీ మాట తప్పైతే?"

ఇదే థీసిస్ అయితే, మరింత పరిశోధన అవసరమని రాసి తప్పించుకునేదాన్ని.

"తప్పైతే తప్పని రేపే తెలుస్తది. ఎల్లుండి ఇంకోటి చూస్త. దొరికేదాక చూసుడు నాకు అలవాటే."

రాజకుమారి గారు మొదటిసారి నవ్వారు. "బండి పొద్దుగాలనే బయల్దేరుతది. రేపటి నుంచే డ్యూటీ, లేటు చేయకు."

గేటు బయటికి రాగానే సుందరరావు గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"ఆ సోమవారం సంగతి థీసిస్‌లో నేనే వద్దన్నాను కదా?"

"అవును సార్."

"వాళ్లకైనా చెప్పావు. మంచి పని చేశావు. వెళ్లమ్మా."

రెండుసార్లు థాంక్స్ చెప్పి బస్సెక్కాను.

ఇంటికి వెళ్లేసరికి అభిజిత్ గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

"వీక్‌నెస్ అడిగిండ్రా అక్కా?"

"అడిగిండ్రు. రెండేళ్లు పాడుచేసిన పిండి గురించి చెప్పిన. దానికే ఉద్యోగం ఇచ్చిండ్రు."